సీటు ఇచ్చారు సరే, చదువు వచ్చిందా?

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఇచ్చే పావు వంతు సీట్ల గురించి మన దగ్గర మాట్లాడేదంతా లాటరీ తీసే వారం వరకే. ఎన్ని బడులు నమోదు చేసుకున్నాయి, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరికి సీటు తగిలింది, ఎందరు చేరారు, ఏ యాజమాన్యం పిల్లల్ని గేటు బయట నిలబెట్టింది. జిల్లా పేజీలు ఈ అంకెలతో నిండిపోతాయి. జూలై దాటితే అంతా సద్దుమణుగుతుంది. ఆ సీటులో కూర్చున్న పిల్ల రెండో తరగతి చివరికి ‘చెట్టు మీద పిట్ట ఉంది’ అని చదవగలుగుతోందా అన్న ప్రశ్న మాత్రం ఏ ఫైల్లోనూ కనబడదు. అడిగే పని ఎవరికీ అప్పగించలేదు కాబట్టి ఎవరూ అడగరు.

నా పట్టు ఇది. సర్కారు డబ్బు ఏ పిల్ల పేరు మీద ప్రైవేటు బడికి వెళ్తోందో ఆ పిల్లకి చదవడం, లెక్క చేయడం వస్తున్నాయో లేదో బడివాళ్లు కాకుండా బయటివాళ్లు చూడాలి. ఓఎంఆర్ షీట్లూ ర్యాంకులూ వద్దు. పిల్ల పక్కన కూర్చుని పావుగంట చదివించి చూస్తే చాలు. కానీ ఈ పని తప్పుగా చేస్తే అసలు చేయకపోవడం కన్నా ఎక్కువ హాని జరుగుతుంది. అందుకే ‘పరీక్ష పెట్టాలి’ అని ఊరుకోకుండా ఎలా పెట్టాలో, ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ 12(1)(సి) ప్రకారం ఎయిడ్ లేని ప్రైవేటు బడి ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఇచ్చి, ప్రాథమిక విద్య పూర్తయ్యేదాకా ఉచితంగా చదువు చెప్పాలి. బడిలో నర్సరీ, ఎల్‌కేజీ ఉంటే ఈ నిబంధన అక్కడి నుంచే వర్తిస్తుంది. 12(2) ప్రకారం ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది బడికి తిరిగి చెల్లించాలి. 12(3) అడిగిన సమాచారం బడి ఇచ్చి తీరాలంటుంది. ఈ మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దాని సంగతి తర్వాత చెప్తాను. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను నిలబెట్టింది. 2014లో ఐదుగురు జడ్జీల బెంచి మైనారిటీ బడులన్నిటినీ చట్టం పరిధి నుంచి తప్పించింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాతిక శాతాన్ని ఇలా పంచారు: ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకి 5, మిగతా బలహీన వర్గాలకి 6. నలభై మంది ఉన్న ఒకటో తరగతిలో పది సీట్లన్నమాట. అందులో ఎస్టీల వాటా 1.6 సీటు, బలహీన వర్గాల వాటా 2.4 సీటు. కాగితం మీద శాతం ఎంత శుభ్రంగా ఉన్నా, క్లాసులో కూర్చునేది ముక్కలు కాని పిల్లలు కదా. ఈ చిన్న సంఖ్యల గొడవ పరీక్షల దగ్గర మళ్లీ తలెత్తుతుంది, గుర్తుంచుకోండి.

2022 జనవరిలో హైకోర్టు గట్టిగా చెప్పాకే రాష్ట్రం కదిలింది. తొలి ఏడాది, అంటే 2022-23లో, నోటిఫికేషన్ ఆగస్టులో వచ్చింది. అప్పటికి బడులు తెరిచి నెల దాటింది. గ్రామాల్లో ఏడాదికి 1.20 లక్షలు, పట్టణాల్లో 1.44 లక్షల ఆదాయ పరిమితి పెట్టారు. ఫీజు కింద పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు ఖరారు చేశారు. ఆ డబ్బు ఇచ్చే దారి మరీ విచిత్రం. తల్లి ఖాతాలో అప్పటి అమ్మఒడి పథకం డబ్బు పడ్డాక అందులోంచి అరవై రోజుల్లో ఆమే కట్టాలన్నారు, కట్టకపోతే ప్రభుత్వం తర్వాతి అమ్మఒడిలో కోసుకుని బడికి ఇస్తుందన్నారు. చూడ్డానికి ఇది లెక్కల సర్దుబాటే. ఆచరణలో మాత్రం జవాబుదారీతనం తీగ ఇక్కడే తెగింది. డబ్బు తల్లి చేతి మీదుగా వస్తే బడి ఆమెని ఫీజు బకాయిదారుగానే చూస్తుంది. డబ్బు కట్టేది సర్కారని బడికి అనిపించనప్పుడు, సర్కారు వచ్చి ‘మా పిల్ల ఎలా చదువుతోంది’ అని ఏ మొహంతో అడుగుతుంది?

తెలంగాణలో 12(1)(సి) ఏళ్ల తరబడి కాగితానికే పరిమితమైంది. అక్కడ ఉన్నది ఉమ్మడి రాష్ట్రం నాటి బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని లాటరీ తీసి ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారు. ఇంటి నుంచి వచ్చే పిల్లకి ఏడాదికి 28,000, హాస్టల్లో ఉండే పిల్లకి 42,000 రూపాయలు. బకాయిలు పేరుకుపోయి 2025 దసరా సెలవుల తర్వాత కొన్ని బడులు ఈ పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. ఇక్కడ బడిని ‘బెస్ట్’ అని తేల్చేటప్పుడు చూసేది పదో తరగతి ఫలితాలు. అంటే మూడో తరగతి పిల్లకి బడి ఎంచేటప్పుడు, ఆ పిల్లకన్నా ఏడేళ్లు పెద్దవాళ్లయిన వేరే పిల్లల మార్కులు కొలమానమవుతున్నాయి. ఆ పదో తరగతి బ్యాచిలో ఎందరిని తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపారో ఆ ఫలితాల్లో కనబడదు.

ఇప్పుడు అసలు లోటుకి వద్దాం. ప్రైవేటు బడి నుంచి చట్టం ఏం కోరుతుంది? సెక్షన్ 19, దాని షెడ్యూలు తెరిచి చూడండి. ఐదో తరగతి దాకా ముప్పై మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది దాకా ముప్పై ఐదుగురికి ఒకరు. ఏడాదికి 200 పనిదినాలు, పై తరగతులకి 220. బోధన గంటలు 800, 1,000. ఆటస్థలం, గ్రంథాలయం, ప్రహరీ, విడివిడి మరుగుదొడ్లు. గుర్తింపు ఫైలు కట్టేటప్పుడు భవనం పటిష్ఠత సర్టిఫికెట్, అగ్నిమాపక ఎన్‌ఓసీ, పారిశుధ్య సర్టిఫికెట్, లీజు డీడు. ఇవన్నీ కావాల్సినవే. నిప్పు అంటుకుంటే దారి లేని బడిలో పిల్లల్ని కూర్చోబెట్టమని ఎవరూ అనరు. కానీ ఆ ఫైలు ఎంత లావైనా అందులో ‘ఇక్కడి పిల్లలకి చదవడం వచ్చు’ అని తేల్చే కాగితం ఒక్కటీ లేదు.

పైగా సెక్షన్ 21 కింద ప్రతి బడిలో ఉండాల్సిన యాజమాన్య కమిటీ నుంచి ఎయిడ్ లేని ప్రైవేటు బడులకి మినహాయింపు ఉంది. ప్రభుత్వ బడిలో కనీసం తల్లిదండ్రులు కూర్చునే కుర్చీ ఒకటుంది. ఇక్కడ పావు వంతు క్లాసుకి ప్రజల డబ్బు వస్తున్నా ఆ పిల్లల తరఫున మాట్లాడే చోటే లేదు. సెక్షన్ 29 నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంటుంది, చేసేది బడే. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో వార్షిక పరీక్ష వచ్చింది. తప్పితే రెండు నెలల్లో మళ్లీ రాయించాలి, ఆపై అదే తరగతిలో ఆపాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. అది తేల్చేది పిల్ల పాసయిందా ఫెయిలయిందా అన్నదే. బడి సంగతి అందులో ఎక్కడా రాదు. ఒకటిలో చేరిన పిల్లకి గుణింతాలు రాలేదని ఐదో తరగతిలో తెలిస్తే, నాలుగేళ్లు ఎవరి ఖాతాలో రాయాలి?

‘ప్రైవేటు బడి కదా, చదువు దానంతటదే వస్తుంది’ అనుకునేవాళ్లు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక ప్రయోగాన్ని చూడాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో ప్రభుత్వ బడి పిల్లలకి ప్రైవేటు బడిలో చదివే వోచర్లు లాటరీ మీద ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ఈ అధ్యయనం 2015లో అచ్చయింది. నాలుగేళ్ల తర్వాత వోచరు గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పరీక్షిస్తే తెలుగులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. కారణం టైంటేబుల్లోనే ఉంది. ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చి, మిగిలింది ఇంగ్లిషుకీ హిందీకీ తదితరాలకీ పెట్టాయి. అదీ ప్రభుత్వ బడిలో ఒక్కో పిల్ల మీద అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా.

ఈ ఫలితాన్ని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చదువుకున్నారు. ‘ఇంత తక్కువ ఖర్చుతో అంతే ఫలితం’ అని యాజమాన్యాలు, ‘తేడా ఏమీ లేదుగా’ అని ప్రభుత్వ ఉపాధ్యాయ సంఘాలు. నాకు అందులో పనికొచ్చేవి వేరే రెండు విషయాలు. ఏ సబ్జెక్టు కొలుస్తామో దాన్నిబట్టి బడి గొప్పదో కాదో మారిపోతుంది. ఒక్క ఇంగ్లిషు పరీక్ష పెట్టి బడుల్ని తూచితే తెలుగు, లెక్కలు మూలన పడతాయి. రెండోది, వోచరు పిల్లలు వచ్చి చేరినందువల్ల ముందునుంచీ ఆ బడిలో ఉన్న పిల్లల చదువు దెబ్బతిన్న దాఖలా కనబడలేదు. ‘వీళ్లని చేర్చుకుంటే మా స్టాండర్డ్ పడిపోతుంది’ అనే కరస్పాండెంట్లకి ఈ ముక్క చదివి వినిపించాలి.

మరి ఏడాది పొడవునా బడి పెట్టే చిన్నా పెద్దా పరీక్షలు, ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు, సరిపోవా? సరిపోవు. పేపరు ఉమ్మడిగా వచ్చినా పెట్టేది బడి, దిద్దేది బడి, మార్కులు పోర్టల్లో ఎక్కించేది బడి. అన్నీ తనే చేసుకుని తనకి తనే ఎ1 ఇచ్చుకోకుండా ఉండాలంటే సన్యాసులు నడపాలి బడుల్ని. ఇందులో చెడ్డ ఉద్దేశం కూడా అక్కర్లేదు. ప్రోగ్రెస్ కార్డులో సి చూసిన తల్లి పిల్లని పక్క వీధి బడిలో వేస్తుందన్న భయం చాలు.

బయటి కొలత పెట్టిన చోట్ల ఏం జరిగిందో మూడు ఉదాహరణలు.

గుజరాత్ 2012లో చేసిన నియమాల్లో బడి గుర్తింపుకి వెయిటేజీ ఇలా పెట్టింది: పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నదానికి 30 శాతం, బడి తన గత ఫలితం కన్నా ఎంత మెరుగుపడిందన్నదానికి 40, భవనాలూ టీచర్ల అర్హతల వంటివాటికి 15, ఆటపాటలు, తల్లిదండ్రుల అభిప్రాయానికి 15. దేశంలో ఈ దిశగా ఆలోచించిన అరుదైన కాగితం ఇది. ముఖ్యంగా ఎదుగుదలకి ఎక్కువ బరువు ఇవ్వడం. ఇంట్లో ట్యూషన్ చెప్పించుకునే పిల్లలున్న బడికీ కూలి పనికి వెళ్లే అమ్మానాన్నల పిల్లలున్న బడికీ ఒకే గీత గీసి చూస్తే రెండోది ఎప్పుడూ ఓడుతుంది. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారన్నది చూస్తేనే బడి పనితనం బయటపడుతుంది.

పాకిస్తాన్ పంజాబ్‌లో చవక ప్రైవేటు బడులకి ప్రభుత్వ ఫౌండేషన్ ఒక్కో పిల్లకి ఇంత అని నెలనెలా ఇస్తుంది. షరతు సూటిగా ఉండేది. బయటివాళ్లు పెట్టే పరీక్షలో మూడింట రెండొంతుల మంది పిల్లలకి 40 శాతం రావాలి. వరసగా రెండుసార్లు రాకపోతే డబ్బు బంద్. మొదటిసారి అంచులో తప్పిన బడుల్లో తర్వాతి పరీక్షకి చదువు గట్టిగా మెరుగుపడిందని అధ్యయనం చేసినవాళ్లు తేల్చారు. భయం పనిచేసింది. ఎందుకు పనిచేసిందంటే ఆ బడులు బతికేదే ఆ డబ్బు మీద.

అమెరికాలో లూసియానా 2012లో వోచరు పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరిస్తూ, వోచరు పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలు రాసే పరీక్షే రాయాలని పెట్టింది. లాటరీలో గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పోల్చితే, గెలిచి ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు మొదటి ఏడాదిలోనే లెక్కల్లో బాగా వెనకబడ్డారు. పరీక్ష లేకపోతే ఆ తల్లిదండ్రులకి ఆ సంగతి తెలిసేదే కాదు. అక్కడా ఇక్కడా ఒకటి గమనించండి. సీట్లు లాటరీతో పంచడం వల్ల పోలిక దానంతటదే పుట్టుకొస్తోంది. మన దగ్గర ప్రతి ఏడూ లాటరీ తీస్తున్నాం, ఓడిన పిల్లల పేర్లూ అదే సర్వర్లో ఉన్నాయి, వాళ్లు చేరిన బడులు దేశంలోని బడుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ డేటాబేసు యూడైస్‌లో ఉన్నాయి. పైసా ఖర్చు లేకుండా చేతికొచ్చిన ప్రయోగాన్ని ఏటా చెత్తబుట్టలో వేస్తున్నాం.

ఇక పరీక్ష ఎలా ఉండాలో దగ్గరగా చూద్దాం.

చిన్న తరగతుల్లో రాత పరీక్ష పనికిరాదు. చదవడం రాని పిల్ల ప్రశ్నే చదవలేదు. పక్క పిల్లది చూసి ఎ, బి, సి, డిల్లో ఒకటి సున్నా చుడుతుంది. అందుకే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నోటితో చెప్పించాలి. ఒకే అట్ట మీద పైన పది అక్షరాలు, కింద గుణింతాలున్న పది మాటలు: గూడు, తోట, మేక, పూలు. ఆ కింద ఒత్తులున్నవి: అన్నం, చెట్టు, పుస్తకం, చంద్రుడు. చివర నాలుగు చిన్న వాక్యాలు, వాటి మీద రెండు నోటి ప్రశ్నలు. వాక్యాలు పాఠ్యపుస్తకంలోవి అయితే పిల్లలు చూడకుండానే ఒప్పజెప్పేస్తారు. అనుమానం వస్తే వరస మధ్యలో వేలు పెట్టి అక్కడి నుంచి చదవమనాలి. బట్టీ పట్టిన పిల్ల మళ్లీ మొదటికి వెళ్తుంది. ‘మ’కీ ‘వు’కీ తేడా పట్టలేకపోవడం, ఒత్తు రాగానే ఆగిపోవడం ఎక్కువగా కనిపించే తప్పులు. తప్పు చదివి తనే దిద్దుకుంటే ఒప్పు కిందే లెక్క. మూడు సెకన్లు చూసి తర్వాతి మాటకి పోవాలి, లేకపోతే పిల్ల బిక్కమొహం వేస్తుంది. ఇదే పద్ధతిలో ఇంగ్లిషు అట్ట ఇంకొకటి.

వేగం కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. తెలుగుకి మాటల లెక్క అన్యాయం. ఇంగ్లిషులో నాలుగు మాటలయ్యేది మనకి ‘వెళ్లలేకపోయాను’ అని ఒక్క మాటలో ఇమిడిపోతుంది. తెలుగు అట్టకి అక్షరాల లెక్కన వేగం కట్టాలి, లేదంటే మన పిల్లలు ఊరికే మందమతులుగా కనిపిస్తారు.

లెక్కల్లో రెండంకెల తీసివేత ఒక్కటి చాలు బోలెడు చెప్పడానికి. 52లోంచి 18 తీసేయమనండి. జవాబు 34. పిల్ల 46 రాసిందంటే పైనా కిందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది: 8లోంచి 2 పోతే 6, 5లోంచి 1 పోతే 4. స్థానం అన్న ఊహే ఇంకా కుదరలేదు. 44 రాసిందంటే అప్పు తెచ్చుకోవడం వచ్చు, తెచ్చాక పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోతోంది. మొదటి పిల్లకి పుల్లల కట్టలతో మళ్లీ మొదలెట్టాలి, రెండో పిల్లకి వారం సాధన చాలు. ఇదే ప్రశ్న 42లోంచి 17 అని ఇచ్చారనుకోండి, రెండు తప్పులకీ 35 అనే జవాబే వస్తుంది, ఏ పిల్లకి ఏం రాలేదో తెలీదు. ఒకట్ల అంకెల మధ్య తేడా అయిదుండే లెక్క ఇవ్వకూడదు. పేపరు తయారుచేసేవాళ్లు ఇలాంటివి చూడకపోతే పరీక్ష పెట్టీ వృథా.

ఎవరు పెట్టాలి? ఆ బడి టీచర్లు కాదు, ఆ మండలం సీఆర్పీ (కొన్ని బడుల్ని చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) కూడా కాదు. పక్క మండలం సీఆర్పీని గానీ టీచరు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీ విద్యార్థుల్ని గానీ పంపాలి. కోటా పిల్లల్ని మాత్రమే లేపి తీసుకెళ్తే క్లాసంతటికీ ‘వీళ్లు ఫ్రీ సీటు వాళ్లు’ అని చాటినట్టే. కేంద్రం నమూనా నియమాలు ఈ పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టకూడదని, పుస్తకాల్లో, ఆటల్లో తేడా చూపకూడదని చెప్తున్నాయి. పరీక్ష కూడా ఆ తేడాకి సాధనం కాకూడదు. పదిమంది కోటా పిల్లలుంటే పదిమంది మిగతా పిల్లలు, కలిపి ఇరవై పేర్లు. పరీక్షించేవాళ్ల షీటులో రోల్ నంబర్లే ఉండాలి, ఎవరు ఏ సీటో వాళ్లకి తెలియకూడదు. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు వేసుకుంటే ఇరవై మందికి నాలుగు గంటలు. ఒక మనిషికి ఒక రోజు పని. అట్టలు ఆరు రకాలు తయారుచేసి బడి గుమ్మంలో చీటీ తీయాలి, ఒకే అట్ట అయితే మధ్యాహ్నానికి వాట్సాప్‌లో పక్క బడికి చేరిపోతుంది.

మొదటి కొలత ఒకటో తరగతి మొదలైన నాలుగు వారాల్లోపు జరిగి తీరాలి. చట్టం నర్సరీ నుంచే ఇమ్మన్నా ఏపీలో సీటు ఇచ్చేది ఒకటో తరగతిలో. పక్కన కూర్చున్న పిల్లలు అప్పటికే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడేళ్లు అక్కడే చదివినవాళ్లు. మన పిల్ల అంగన్‌వాడీ నుంచి నేరుగా వచ్చింది. ఆ మూడేళ్ల ఎడం మొదట్లోనే రాసిపెట్టకపోతే మూడో తరగతిలో వెనకబాటంతా పిల్ల మీదకో బడి మీదకో అన్యాయంగా పోతుంది. తర్వాతి కొలతలు రెండో తరగతి చివర్లో, మూడో తరగతి చివర్లో.

ఇంతకన్నా ముఖ్యమైనది భాగహారంలో కింద ఏ అంకె వేస్తామన్నది. పరీక్ష రోజు కూర్చున్న పిల్లల సంఖ్యతో భాగిస్తే బడి తెలివిగా గెలుస్తుంది. చదువు రాని పిల్లని ఆ రోజు రావద్దంటుంది. ఇంకొంచెం ముందుచూపున్న బడి ‘మీ పాప ఇక్కడ ఇమడలేకపోతోందండీ’ అని అమ్మకి నెమ్మదిగా నచ్చజెప్పి మూడో నెలలోనే టీసీ చేతిలో పెడుతుంది. లాటరీ వల్ల లోపలికి వచ్చేటప్పుడు ఏరుకోవడం కుదరదు, బయటికి పంపేటప్పుడు కుదురుతుంది. అందుకే కింద వేయాల్సిన అంకె లాటరీలో ఆ బడికి కేటాయించిన మొత్తం పిల్లలు. పదిమంది రావాలి, ఏడుగురు మిగిలారు, ఐదుగురు చదివారు అంటే ఫలితం పదికి ఐదు. ఏడుకి ఐదు కాదు. వలస పోయిన కుటుంబం నిజంగా ఉంటే పిల్ల ఇంకో బడిలో చేరినట్టు యూడైస్‌లో కనబడుతుంది, అప్పుడు తీసేయొచ్చు. ఆ రోజు రాని పిల్ల కోసం రెండు వారాల్లో మళ్లీ వెళ్లాలి.

పదిమందిలో ఒక్క పిల్లకి జ్వరం వస్తే బడి ఫలితం పది శాతం పడిపోతుంది. కాబట్టి ఒక్క ఏడాది అంకె చూసి ఏ బడినీ ఏమీ అనకూడదు. మూడేళ్ల పిల్లల్ని కలిపితే ముప్పై మంది అవుతారు, అప్పుడు కాస్త నమ్మొచ్చు. జిల్లా ర్యాంకులు, ఫ్లెక్సీలు వద్దనేది కూడా ఇందుకే. ఇక్కడ చూడాల్సింది అడుగున ఆగిపోయిన బడులేవన్నది మాత్రమే.

సరే, ఫలితం బాగాలేని బడిని ఏం చేయాలి? ఈ చర్చలో అందరూ బోల్తా పడేది ఇక్కడే. పాకిస్తాన్ పంజాబ్ పద్ధతి ఇక్కడికి ఎత్తుకొస్తే చెల్లదు. అక్కడ డబ్బు ఆపితే బడి మూతపడుతుంది. ఇక్కడ ఎనిమిది వేలకి కోటా పిల్లల్ని చేర్చుకోవడమే చాలా యాజమాన్యాలకి ఇష్టం లేదు. ‘ఫలితాలు బాగాలేవు కాబట్టి మీకు ఇక కోటా పిల్లల్ని పంపం’ అంటే స్వీట్లు పంచుకుంటారు. చేతగాని బడికి శిక్ష పడాలంటే ఆ శిక్ష వాళ్లకి కావాల్సిన దాని మీద పడాలి. వాళ్లకి కావాల్సినవి కొత్త సెక్షన్లకి అనుమతి, హైస్కూలుగా అప్‌గ్రేడ్ కావడం, గుర్తింపు రెన్యువల్. మూడేళ్ల ఫలితం కోటా పిల్లలకీ పక్క పిల్లలకీ మధ్య ఎడం పెరిగిందని చూపిస్తే, లేదా కేటాయించిన పిల్లల్లో మూడో వంతు మాయమైతే, ఆ బడికి అదనపు సెక్షన్ ఇవ్వకూడదు. ఇప్పుడున్న చట్టంలో సెక్షన్ 18 కింద గుర్తింపు రద్దు అనే పెద్ద గొడ్డలి ఉంది. అంత పెద్దదని ఎవరూ ఎత్తరు. ఎత్తితే వందల మంది పిల్లలు వీధిన పడతారు. గొడ్డలికీ చేతులు కట్టుకుని కూర్చోవడానికీ మధ్య మెట్లు కావాలి.

ఫీజు కోత మాత్రం వద్దే వద్దు. మార్కుకి డబ్బు ముడిపెడితే బలహీనమైన పిల్ల బడికి నష్టంగా కనిపిస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీల ఫీజు రీయింబర్స్‌మెంట్ చూశాం. తల లెక్కన డబ్బు ఇచ్చి చదువు సంగతి అడగకపోతే తలలు లెక్క పెట్టుకునే కాలేజీలు పుట్టుకొస్తాయి. అలాగని ఇటు వైపు మరీ వంగి మార్కు లెక్కన ఇస్తే మార్కులు తయారుచేసే బడులు పుడతాయి. డబ్బు పిల్ల బడిలో ఉన్నందుకు ఇవ్వాలి. పిల్ల ఉందో లేదో తేల్చుకోవాలి కూడా, ఎందుకంటే పేరు ఇక్కడా పిల్ల పక్క ఊరి ప్రభుత్వ బడిలోనూ ఉన్న కేసులు రికార్డు కలిపి చూడగానే దొరుకుతాయి.

యాజమాన్యాల మాటలో న్యాయం ఉన్న చోట ఒప్పుకోవాలి. 2021లో ప్రభుత్వమే జీవో 53 తెచ్చి పంచాయతీల్లో ప్రాథమిక తరగతులకి 10,000, కార్పొరేషన్లలో 12,000 గరిష్ఠ ఫీజు అని పెట్టింది. ఆ జీవోని హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. ఆ తర్వాత అదే ప్రభుత్వం కోటా పిల్లకి 6,500, 8,000 చాలంది. సొంత బడుల్లో ఒక్కో పిల్ల మీద ఎంత పెడుతోందో లెక్క బయటపెట్టి, చట్టం చెప్పినట్టు ఆ మొత్తం దాకా ఇస్తే ఈ గొడవ సగం తీరుతుంది. సగం సెప్టెంబరులో, సగం మార్చిలో బడి ఖాతాకే నేరుగా వేయాలి, తల్లి ఖాతా మీదుగా కాదు. రెండేళ్లు బకాయి పెట్టి మూడో ఏడు తనిఖీకి వచ్చే అధికారికి టీ ఇస్తారేమో గానీ లెక్కలు ఇవ్వరు.

‘ముందు ప్రభుత్వ బడుల్లో ఇదే అట్ట పెట్టి చూడండి’ అంటారు. పెట్టాలి. అదే అట్ట, అదే రోజు. ఓడిన పిల్లలు ఉన్నది ఎక్కువగా అక్కడే. పోలిక లేకపోతే ప్రైవేటు బడి అంకెకి అర్థమే లేదు.

ఇవన్నీ వచ్చేదాకా తల్లిదండ్రులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రైవేటు బడి మీద నేరుగా సమాచార హక్కు దరఖాస్తు సాధారణంగా చెల్లదు. కానీ 12(3) కింద సమాచారం రాబట్టే అధికారం విద్యాశాఖకి ఉంది. ప్రభుత్వ శాఖ వేరే చట్టం కింద ఏ ప్రైవేటు సంస్థ నుంచి సమాచారం తీసుకోగలదో, దాన్ని ఆ శాఖ నుంచి అడగొచ్చని సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చెప్తోంది. కాబట్టి దరఖాస్తు డీఈఓ కార్యాలయానికి పెట్టండి. ఫలానా బడికి ఏ ఏడు ఎంతమందిని కేటాయించారు, ఇప్పుడు ఎందరున్నారు, ఎందరికి టీసీ ఇచ్చారు, ఎంత చెల్లించారు, ఏ తేదీన. ఈ ఐదు అంకెలు చాలు. పుస్తకాలకో యూనిఫారానికో డబ్బు వసూలు చేస్తే రసీదు అడిగి దాచుకోండి, ఇవ్వకపోతే అడిగిన తేదీ రాసుకోండి. చేరేటప్పుడు పిల్లకి గానీ మీకు గానీ ‘ఇంటర్వ్యూ’ పెడితే అది సెక్షన్ 13 కింద తప్పు, మొదటిసారి 25,000, ఆపై ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదు సెక్షన్ 32 కింద రాతపూర్వకంగా స్థానిక సంస్థకి ఇవ్వాలి. మూడు నెలల్లో తేల్చాలి, ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. నోటిమాటగా ప్రిన్సిపాల్‌తో గొడవపడితే మిగిలేది గొడవే.

ఏపీలో 2022-23లో ఒకటో తరగతిలో చేరిన మొదటి బ్యాచి 2029-30లో ఎనిమిది చదువుతుంది. ఉచితం అక్కడితో సరి. 2030 వేసవిలో ఆ తల్లుల చేతికి తొమ్మిదో తరగతి ఫీజు కాగితం వస్తుంది. అప్పు చేసి అక్కడే ఉంచాలా, జిల్లా పరిషత్ హైస్కూల్లో వేయాలా అన్నది ఆ వారంలోనే తేల్చుకోవాలి. ఎనిమిదేళ్లలో పిల్లకి ఏం వచ్చిందో చెప్పడానికి ఆమె దగ్గర ఉండేది ఆ బడి తన చేత్తో తాను రాసిచ్చిన ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే.